ఆట ఉచితం, ఎనిమిదో రోజు లెక్క



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసి పంపమని వార్డెన్ మేడం గారు కబురు చేసినప్పుడు, పీజీ ప్రవేశ పరీక్షకు ఎలా తయారవ్వాలో రాద్దామని కూర్చున్నాం. సగం రాశాం కూడా. ఈలోగా ఒక ఆదివారం మిమ్మల్ని చూసి పోదామని హాస్టల్‌కు వచ్చాం. వెనుక వరండాలో నలుగురు ఇంటర్ చెల్లెళ్లు ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని ఏదో ఆట ఆడుతున్నారు. "ఫ్రీ ట్రయల్ అయిపోయిందే" అని ఒకరంటే, "కొత్త మెయిల్ ఐడీ తెరువు, మళ్లీ ఏడు రోజులు ఇస్తాడు" అని ఇంకొకరన్నారు. అది వాళ్లకు మూడో మెయిల్ ఐడీ అట. మమ్మల్ని చూడగానే ఫోన్ చున్నీ కిందికి పోయింది. తిట్టడానికి మాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది. ప్రవేశ పరీక్ష వ్యాసం వచ్చే ఏడాది రాస్తాం.

ఆటలు ఆడవద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మేమూ ఆడాం. వీడియో గేములు మగపిల్లల గొడవ, మనకెందుకు అనుకునే రోజులు కూడా పోయాయి. మనం మాట్లాడుకోవలసింది "ఉచితం" అనే మాట గురించి.

ఉచితం ఎక్కడి నుంచి వచ్చింది

ఆటను ముందు ఊరికే ఇచ్చి తరువాత అమ్మడం కొత్త సంగతి కాదు. 1987లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో స్కాట్ మిల్లర్ అనే యువకుడు "క్రోజ్" అనే ఆట తయారుచేశాడు. దాన్ని భాగాలుగా చేసి, మొదటి భాగాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, స్నేహితులకు పంచుకోవచ్చు అన్నాడు. నచ్చితే మిగతా భాగాలకు డబ్బు పంపాలి. దీన్నే షేర్‌వేర్ అన్నారు. 1993 డిసెంబరు 10న వచ్చిన "డూమ్" ఆట కూడా ఈ దారిలోనే వెళ్లింది. మొత్తం మూడు అంకాలు. మొదటి అంకం ఉచితం. అది చేతులు మారి, ఫ్లాపీలు మారి ప్రపంచమంతా తిరిగింది. తరువాత 2000 దశకంలో మన దగ్గర కంప్యూటర్ పత్రికలతో పాటు సీడీలు వచ్చేవి. వాటిలో ఇలాంటి డెమో ఆటలే ఉండేవని మా సీనియర్లు చెబుతారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. డూమ్ మొదటి అంకం ఆడేవాడిని ఎవరూ బ్యాంకు ఖాతా నంబరు అడగలేదు. తొమ్మిది దశలు ఆడాక ఆట ఆగిపోయేది. ఆడినవాడు ఏమీ చేయకుండా ఊరుకుంటే కంపెనీకి ఒక్క పైసా పోదు. అంటే ఊరుకోవడం అంటే "వద్దు" అని అర్థం.

నేటి ఫ్రీ ట్రయల్ దీనికి తలకిందులు. మొదటి రోజే కార్డో, యూపీఐయో అడుగుతారు. "ఇప్పుడు ఏమీ కట్టనక్కర్లేదు" అంటారు. నిజమే, ఇప్పుడు కట్టనక్కర్లేదు. ఏడో రోజు లోపల మనమే వెళ్లి వద్దని చెప్పకపోతే ఎనిమిదో రోజు డబ్బు దానంతట అదే పోతుంది. ఇక్కడ ఊరుకోవడం అంటే "సరే" అని అర్థం. ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఉచితం అని కనిపించే ఆటలన్నీ ఒక్క రకం కావు. డెమో అంటే ఆటలో ఒక ముక్క. దానితో ఏ బాధా లేదు. ట్రయల్ అంటే మొత్తం ఆటనో సభ్యత్వాన్నో కొద్ది రోజులకు ఇవ్వడం. మూడోది ఎప్పటికీ ఉచితంగా ఆడనిచ్చి లోపల తుపాకులు, బట్టలు, వజ్రాలు అమ్మేది. 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధానికి గురైన పబ్‌జీ మొబైల్, 2021 జులైలో దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ ఈ మూడో రకం. ఈ రకంలో డబ్బు పోవడానికి గడువు ఏమీ ఉండదు, వేలు జారితే చాలు. 2022 డిసెంబరులో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయంలో "ఫోర్ట్‌నైట్" ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద చర్య తీసుకుంది. ఆట తెరుచుకుంటూ ఉండగా ఒక్క మీట నొక్కినా కొనుగోలు జరిగిపోయేలా మీటలు పెట్టారన్నది ఆరోపణల్లో ఒకటి. కంపెనీ మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు ఆటగాళ్లకు తిరిగి ఇవ్వడానికి. అంత చదువుకున్న దేశంలోనే అలా జరిగితే మన సంగతి చెప్పేదేముంది.

మా ఇంట్లో జరిగింది

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాం. తమ్ముడిని అడిగాం. "పేరు రాయకు అక్కా" అన్నాడు. రాయడం లేదు.

మా ఊరు భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు, అడవి అంచున. అమ్మానాన్న కూలీలు. మాఘం, ఫాల్గుణంలో మిరపకాయలు ఏరడానికి పోతారు. ఎండాకాలం తునికాకు. తెల్లవారుజామున నాలుగింటికి అడవికి పోయి, పొద్దెక్కే లోపల ఆకు తెచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగించాలి. ఆ డబ్బు ఇప్పుడు నాన్న బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. నాన్న రెండో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లిషు రాదు.

2024 వేసవి సెలవుల్లో తమ్ముడు ఇంటికి వచ్చాడు. అప్పుడు తొమ్మిది పూర్తయి పదిలోకి. నాన్న ఫోన్‌లో యూపీఐ పెట్టిందీ, పిన్ పెట్టిందీ వాడే. మాకు అదే గొప్పగా ఉండేది, ఇంట్లో ఒకడు బ్యాంకు పని నేర్చుకున్నాడని. వాడు ఒక కార్ల ఆట దించుకున్నాడు. ఏడు రోజులు అన్ని కార్లూ ఉచితం అని ఉంది. ధ్రువీకరణకు రెండు రూపాయలు పోతాయన్నారు. రెండు రూపాయలే కదా అని పిన్ కొట్టాడు. దాని కింద సన్న అక్షరాల్లో "ఆ తరువాత వారానికి 299 రూపాయలు" అని ఉందట. మూడో రోజుకే ఆ ఆట వాడికి మొహం మొత్తింది. ఫోన్‌లోంచి తీసేశాడు. జూన్‌లో బడి తెరవగానే హాస్టల్‌కు వెళ్లిపోయాడు.

జులైలో నాన్న నాట్ల ముందు డబ్బు తీద్దామని బ్యాంకుకు వెళ్లారు. తొమ్మిది వేల చిల్లర ఉండాల్సిన ఖాతాలో ఆరు వేల చిల్లర ఉంది. పాస్‌బుక్ అచ్చు వేయిస్తే 299, 299, 299 అని తొమ్మిది వరుసలు వచ్చాయి. మొత్తం 2,691 రూపాయలు. కట్టకు మూడు రూపాయల లెక్కన చూస్తే దాదాపు తొమ్మిది వందల కట్టలు, నలభై నాలుగు వేలకు పైగా ఆకులు. ఈ లెక్క మేము వేయలేదు, అమ్మ వేసింది. అమ్మకు చదువు రాదు గానీ ఆకు లెక్క తప్పదు.

"నేను తీసేశాను కదా అక్కా!" అని తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు. వాడు అబద్ధం చెప్పలేదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. ఫోన్‌లోంచి ఆటను తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. ఆట ఫోన్‌లో ఉంటుంది, ఒప్పుకోలు బ్యాంకులో ఉంటుంది. అవి రెండూ వేరు.

మాకు ఎక్కువ బాధ కలిగించింది డబ్బు కాదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలా దానంతట అదే పోయే డబ్బుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు పంపాలి. 2021 అక్టోబరు నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. ఆ కబురు వచ్చింది. వారం వారం వచ్చింది, తొమ్మిది సార్లు. మేము ఇంటికి వెళ్లి నాన్న ఫోన్ తెరిచి చూస్తే అన్నీ అలాగే ఉన్నాయి, ఇంగ్లిషులో. "రోజూ ఏవో మెసేజులు వస్తనే ఉంటయి బిడ్డా, కంపెనీవాళ్లవి అనుకున్న" అన్నారు నాన్న. మరి ఆ ఊళ్లో ఎవరినైనా అడగకపోయారా అంటే, "చదివేటోళ్లు మీరిద్దరే కదా, మీరు హాస్టళ్లలో ఉంటిరి" అన్నారు.

ఆట కంపెనీకి ఉత్తరం రాస్తే చివరి వారం 299 తిరిగి ఇచ్చారు. మిగతావి గడువు దాటిపోయాయన్నారు.

మన దేశపు నిబంధనలు ఏమంటున్నాయి

తరువాత వెతికి చదివితే మాకు తెలిసింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న కొన్ని మార్గదర్శకాలు ప్రకటించింది. వెబ్‌సైట్లలో, యాప్‌లలో మనిషిని మాయచేసే పద్ధతులను "డార్క్ పాటర్న్స్" అంటారు. వాటిని 13 రకాలుగా పేర్కొన్నారు. అందులో ఒకటి "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్", అంటే చందా ఉచ్చు. చందా రద్దు చేసే దారిని దాచిపెట్టడం, చిక్కుగా చేయడం దాని కిందికి వస్తాయి. ఉచిత చందా ఇవ్వడానికి ఖాతా వివరాలో, ఆటో డెబిట్ ఒప్పుకోలో ఇచ్చి తీరాలని బలవంతపెట్టడం కూడా అందులోనే ఉంది. తమ్ముడికి జరిగింది అక్షరాలా ఇదే. ఇలాంటివి జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మేము ఆలస్యంగా తెలుసుకున్నాం, మీరు ఆ నంబరు ఇప్పుడే రాసుకోండి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే అది వేరే సంగతి, దానికి సైబర్ నేరాల నంబరు 1930. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు ఒప్పందం చేసుకోవడానికి అర్హులు కారు. అయితే పిల్లలు "నాకు 18 నిండాయి" అన్న గడిలో టిక్కు పెట్టి, నాన్న ఖాతాతో, నాన్న పిన్‌తో ఒప్పుకుంటే కంపెనీ దృష్టిలో ఒప్పుకున్నది నాన్నే. వాదించి గెలవడం తేలిక కాదు.

ఆపడం ఎలా

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ ఉన్న గుండ్రం నొక్కండి. "పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్" అని ఉంటుంది. అందులో "సబ్‌స్క్రిప్షన్స్"లోకి వెళితే నడుస్తున్న చందాలన్నీ కనిపిస్తాయి. అక్కడ రద్దు చేయాలి. తరువాత యూపీఐ యాప్‌లో "ఆటోపే" లేదా "మాండేట్స్" అన్న చోటికి వెళ్లి అక్కడా చూడండి. రెండు చోట్లా చూడమని ఎందుకంటున్నామంటే కొన్ని ఆటలు ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఒప్పుకోలు తీసుకుంటాయి.

ట్రయల్ తీసుకోవాలనే ఉంటే తీసుకోండి. కానీ తీసుకున్న రోజే రద్దు కూడా చేసేయండి. చాలా వాటిలో రద్దు చేసినా ఆ ఏడు రోజులూ ఆడనిస్తారు. ఆడనివ్వకపోతే ఆ కంపెనీ ఎలాంటిదో మొదటి రోజే తెలిసిపోయినట్టు. మరో ముఖ్యమైన సంగతి: మీ స్కాలర్‌షిప్ పడే ఖాతాను ఏ ఆటకూ, ఏ సినిమా యాప్‌కూ కలపవద్దు. ఆ ఖాతాలో డబ్బు ఎప్పుడు పడుతుందో మనకే తెలియదు. ఎదురుచూసి ఎదురుచూసి పడిన డబ్బును ఒక మరచిపోయిన చందా ముందుగా తీసుకుపోతే మెస్ బిల్లుకు ఎవరిని అడుగుతారు?

మూడో మెయిల్ ఐడీ సంగతి

ఇప్పుడు వరండాలోని నలుగురి దగ్గరికి వద్దాం. మేము అడిగితే ఒక చెల్లెలు గట్టిగానే వాదించింది. "వాళ్లు మన దగ్గర వారం వారం లాక్కోవచ్చు గానీ, మనం వాళ్ల దగ్గర ఇంకో ఏడు రోజులు తీసుకుంటే తప్పా అక్కా? కోట్ల కంపెనీకి పోయేదేముంది?"

వాదనలో బలం లేదని మేము అనం. మన ఏజెన్సీ సంతల్లో వ్యాపారి మొదట ఉప్పో, పొగాకో ఊరికే చేతిలో పెట్టి, ఆ తరువాత చింతపండు తన తూకంతో తీసుకునేవాడని పెద్దలు చెబుతారు. వడ్డీ వ్యాపారుల బాధ పడలేకే 1960లో షెడ్యూల్డు ప్రాంతాలకు ప్రత్యేకంగా నియంత్రణ చట్టం తేవాల్సి వచ్చింది. అలాంటి వ్యాపారిని ఒకసారి తిరిగి బోల్తా కొట్టించినవాడి కథను మనమూ నవ్వుతూనే వింటాం. కానీ ట్రయల్ ఇచ్చేవాళ్లందరూ ఆ వ్యాపారులు కారు. ఇద్దరు ముగ్గురు కూర్చుని తయారుచేసిన ఆటలు కూడా ఉంటాయి. వాళ్లకు ఆ ఏడు రోజుల ట్రయలే ప్రచారం. కొన్నిచోట్ల దుర్వినియోగం వల్ల ఉన్న సౌకర్యం పోతుంది కూడా. స్టీమ్ అనే ఆటల దుకాణంలో ఆట కొన్నాక 14 రోజుల లోపల, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి ఇస్తారు. 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. దీన్ని ఊరికే ఆడుకునే దారిగా వాడుకుంటున్నారని తోస్తే వాపసు ఇవ్వడం ఆపేస్తామని వాళ్లు ముందే రాసిపెట్టారు. ఆపితే నిజంగా నచ్చక వాపసు అడిగేవాడికీ పోతుంది.

అయినా మాకు ఎక్కువ భయం న్యాయం గురించి కాదు. మెయిల్ ఐడీలతో మొదలైంది అక్కడే ఆగదు. తరువాత కొత్త ఫోన్ నంబరు కావాలంటుంది. స్నేహితురాలి నంబరు ఇస్తాం, ఓటీపీ చెప్పమంటాం. తరువాత ఎవరి ఆధార్‌తోనో సిమ్ కావాలి. ఆ తరువాత "అన్నీ తెరిచి ఉన్న ఆట ఇదిగో" అని ఎవరో వాట్సాప్‌లో ఒక ఫైలు పంపుతారు. మాడ్ అంటారు దాన్ని. ప్లే స్టోర్ బయటి నుంచి దించుకున్న ఆ ఫైలు మెసేజులు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఆటకు మన మెసేజులతో ఏం పని? ఓటీపీ వచ్చేది మెసేజుల్లోనే కదా. మేము చదివే ఊళ్లో ఒక అబ్బాయి ఇలాగే ఆట కోసం తన పేరున సిమ్ తీసి మరొకరికి ఇచ్చాడు. ఆరు నెలల తరువాత ఆ నంబరుతో జరిగిన మోసానికి వేరే రాష్ట్రం పోలీసులు వాడికి ఫోన్ చేశారు. ఆట ఏదో కూడా వాడికి గుర్తులేదు. మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వపు "సంచార్ సాథీ"లో చూసుకోవచ్చు. ఒకసారి చూడండి, ఇంట్లోవాళ్లవి కూడా చూడండి.

రమ్మీ, పందేల యాప్‌లు ఇచ్చే "స్వాగత బోనస్" కూడా ఒక రకం ఫ్రీ ట్రయలే. ఊరికే ఇచ్చిన వంద రూపాయలతో మొదట గెలిపిస్తారు. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వీటిని చట్టంతో నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అయినా లింకులు తిరుగుతూనే ఉంటాయి. వాటి గురించి ఇంతకంటే రాయం, తాకవద్దు అంతే.

వాదించిన చెల్లెలు ఆ సాయంత్రం తన ఫోన్‌లో ఆటోపే తెరిచి చూపించింది. రెండు ఒప్పుకోలు బయటపడ్డాయి. ఒకటి తనకు తెలిసినదే. రెండోది పోయిన దసరా సెలవుల్లో బావ గారి కొడుకు ఆడుకుంటానని తీసుకున్న రోజుదట.

మా తమ్ముడు పది పాసయ్యాడు. ఇప్పుడు ఏ ట్రయల్ తీసుకున్నా గోడమీద కేలండరులో ఆ తేదీ చుట్టూ గీత గీస్తాడు. నాన్నకు మేము ఇంగ్లిషులో ఒక్క మాట నేర్పాం, "డెబిట్". చదవడం కాదు, ఆ అక్షరాల వాలకం గుర్తుపట్టడం. మెసేజులో అది కనిపిస్తే చాలు, సిగ్నల్ దొరికే చింతచెట్టు కిందికి పోయి మాకు ఫోన్ చేస్తారు.

2025 మే నెలాఖరులో అలాగే చేశారు. "బిడ్డా, ఇరవై రూపాయలు పోయినయి. మళ్లా ఆటేనా?" అన్నారు. మెసేజు పంపించుకుని చూశాం. అది ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. ఏడాదికి ఇరవై రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు. ఏటా మే ఆఖరున దానంతట అదే పోతుంది. "ఇది మంచిదే నాన్నా, దీన్ని ఆపొద్దు" అని చెప్పాం.

"మరి దీనికి నేను ఎప్పుడు ఒప్పుకున్న?" అన్నారు నాన్న.

ఖాతా తెరిచిన రోజు బ్యాంకులో ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఉంటారని చెప్పాం. ఆ కాగితంలో ఇంకా ఏమేం రాసి ఉందో ఈసారి వచ్చినప్పుడు చదివి చెప్పమన్నారు. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు బ్యాంకుకు వెళ్లి అడగాలి.